బావగారి ఊళ్ళో లేని వాననీటి రూలు మా ఊళ్ళోనే ఎందుకు?

సియాటెల్ దగ్గర సమామిష్ నుంచి ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు. పేరు వద్దన్నారు. సంగతి క్లుప్తంగా ఇదీ.

వచ్చే వేసవికి అత్తమామలు వీళ్ళ దగ్గరే ఉండిపోవడానికి వస్తున్నారు. మామయ్యగారికి మోకాళ్ళు అరిగిపోయాయి, మెట్లెక్కలేరు. ఇంట్లో పడకగదులన్నీ పైనే, కింద చిన్న హాఫ్ బాత్ (టాయిలెట్, సింకు అంతే) తప్ప స్నానానికి వసతి లేదు. అందుకని పెరట్లో వెయ్యి చదరపు అడుగుల కాటేజీ కట్టించి, అక్కడిదాకా డ్రైవ్‌వే పొడిగించి, ముందు చిన్న ప్యాటియో (ఆరుబయట కూర్చునే గచ్చు) వేద్దామనుకున్నారు. ప్లాన్ గీసిన డిజైనర్ మాత్రం డ్రైనేజీ రివ్యూ, అంటే వాననీరు ఎటు పోతుందో నగరం చేసే పరిశీలన, తప్పదని, దానికి సివిల్ ఇంజనీరును పెట్టుకోవాలని, మట్టి పరీక్ష కూడా కావాలని చెప్పాడు. పది మైళ్ళు కూడా లేని రెడ్‌మండ్‌లో ఉండే బావగారు నిరుడు ఇలాంటిదే కట్టించారు. ఆయనకు ఒక ఫారమ్, ఒక ఇంకుడు గుంతతో పని అయిపోయింది. "మాకు లేని రూలు మీకెక్కడిది? ఆ డిజైనర్ మిమ్మల్ని బాదుతున్నాడు" అని ఆయన ఫోన్ చేసినప్పుడల్లా అంటున్నారు. భర్తకు అది బాగా ఎక్కింది. "వానకి కూడా పర్మిషనా?" అంటూ, ఈ ఏడు డ్రైవ్‌వే పోయించి వచ్చే ఏడు కాటేజీ కడదామంటున్నారు. అలా చేస్తే ఏ పనికి ఆ పని హద్దు లోపలే ఉంటుందని ఆయన లెక్క. ఇవి చాలవన్నట్టు, పెరటి వెనక దిగువన ఉండే పెద్దాయన కంచె దగ్గరికొచ్చి, రెండు చలికాలాలుగా తమ ఇంటి కింద క్రాల్ స్పేస్‌లో నీళ్ళు నిలుస్తున్నాయని, కాటేజీ కడితే ఇంకెంత వస్తాయోనని అన్నారట. "అటు బావగారు, ఇటు ఈయన, వెనక ఆ పెద్దాయన. ఎవరి మాట సరైనదో చెప్పండి" అని అడిగారు.

ఎవరి మాటా పూర్తిగా తప్పు కాదు, చిక్కంతా అక్కడే. ముందు బావగారి మాట చూద్దాం, మీ ఇంట్లో గొడవ మొదలైంది అక్కడి నుంచే కాబట్టి.

రెండు ఊళ్ళ రూళ్ళకూ మూలం ఒకటే. దేశంలోని క్లీన్ వాటర్ యాక్ట్ కింద, వాననీటిని కాలువల్లోకి వదిలే నగరాలకు వాషింగ్టన్ రాష్ట్ర ఎకాలజీ శాఖ ఒక పర్మిట్ ఇస్తుంది. రెడ్‌మండ్, సమామిష్ రెండూ దాని కిందివే. ఆ పర్మిట్ చెప్పే కనీస షరతులు తప్పించుకునే దారి ఏ నగరానికీ లేదు, ఇంకా గట్టిగా పెట్టుకోవచ్చు గానీ. తేడా మాన్యువల్ దగ్గర, అంటే వాననీటి ఏర్పాట్లు ఎలా ఉండాలో చెప్పే పుస్తకం దగ్గర వస్తుంది. రెడ్‌మండ్ ఎకాలజీ శాఖ మాన్యువల్ మీద ఆధారపడి తన సొంత నోట్‌బుక్ రాసుకుంది. సమామిష్ 1999లో నగరమైంది, అంతకుముందు కింగ్ కౌంటీ పాలనలో ఉండేది. అందుకే కౌంటీ మాన్యువల్‌నే తీసుకుని, దానికి తన అనుబంధం చేర్చుకుంది. పుస్తకాలు వేరైనా సాధారణంగా ఆట మొదలయ్యే గీత రెండు చోట్లా ఒకటే: కొత్తగా వేసేది, తీసి మళ్ళీ వేసేది కలిపి 2,000 చదరపు అడుగుల గట్టినేల, అంటే కప్పు, కాంక్రీటు లాంటి వాన ఇంకని చోటు.

ఇప్పుడు మీ ఉత్తరంలోని అంకెలు చూడండి. కాటేజీ లోపల వెయ్యే, కానీ రివ్యూలో లెక్కపెట్టేది కప్పుని. చూరులతో కలిపి 1,200 అవుతుందని మీ ప్లాన్‌లోనే ఉంది. డ్రైవ్‌వే పొడిగింపు 750, ప్యాటియో 350. మొత్తం 2,300. బావగారిది అంతా కలిపి 1,450 అని మీరే రాశారు. అంటే ఆయనకు లేని రూలు మీకు రాలేదు, ఆయన గీత దాటలేదు, మీరు దాటారు. ఇదే ప్లాన్ తీసుకెళ్ళి రెడ్‌మండ్‌లో పెట్టినా రివ్యూ వచ్చేది.

రెండో తేడా నేలలో ఉంది, అది కాగితంలో తేడా కన్నా పెద్దది. పదహారు పదిహేడు వేల ఏళ్ళ కిందట ఈ ప్రాంతమంతా మంచు కింద ఉండేది, సియాటెల్ ఉన్నచోట దాని మందం మూడు వేల అడుగుల దాకా. ఆ బరువుకి కింది మట్టి అణిగి కాంక్రీటులా బిగుసుకుపోయింది. సమామిష్ పీఠభూమి మీద చాలా చోట్ల పైన రెండు మూడు అడుగుల వదులు మట్టి, దాని కింద ఈ గట్టి పొర. మీ పెరట్లో గులాబీ మొక్క పెట్టబోతే గడ్డపార టంగుమని మోగిందని రాశారు చూశారా, అదే ఇది. వాన పైమట్టిలోకి దిగుతుంది గానీ ఆ పొర దాటదు. దాని మీదుగా పక్కకి జారి, దిగువన ఎక్కడ వీలైతే అక్కడ బయటపడుతుంది. బావగారిల్లు లోయలో. అక్కడ మంచు కరిగిన నీళ్ళు మోసుకొచ్చిన ఇసుక, గులకరాళ్ళు. గుంత తవ్వి నీళ్ళు వదిలితే గుటగుటా తాగేస్తుంది. ఆయన ఇంకుడు గుంత ఆయన పెరట్లో పనిచేసిందంటే మీ పెరట్లో పనిచేస్తుందని కాదు. మీ డిజైనర్ మట్టి పరీక్ష అడిగింది అందుకే, బాదడానికి కాదు. (డిజైనర్లలో బాదేవాళ్ళు లేరని నేననడం లేదు. ఈ విషయంలో మాత్రం కాదు.)

రెడ్‌మండ్ మెతక ఊరనీ అనుకోకండి. ఆ నగరం తాగే నీళ్ళలో దాదాపు 40 శాతం దాని సొంత బావుల నుంచే వస్తుంది, అవి లోతైన బావులు కూడా కావు. అందుకని బావుల చుట్టుపక్కల మండలాల్లో, కార్లు తిరిగే చోటి నీటిని నేలలోకి ఇంకించడం మీద కట్టుబాట్లున్నాయి. కప్పు మీది నీళ్ళు వేరు, రోడ్డు మీది నీళ్ళు వేరు. టైర్ల రబ్బరు నుంచి వచ్చే ఒక రసాయనం కోహో సాల్మన్ చేపల్ని గంటల్లో చంపేస్తోందని 2020లో ఇక్కడి శాస్త్రవేత్తలే కనిపెట్టారు. బావగారు కప్పుకి బదులు పెద్ద డ్రైవ్‌వే వేసి ఉంటే ఆయన కూడా ఇంజనీరు చుట్టూ తిరిగేవారేమో. మీ ఊరి బాధలు వేరు: పీఠభూమి మీది చిన్న చెరువులు, కొకనీ చేపలు గుడ్లు పెట్టే ఎబ్‌రైట్ క్రీక్ లాంటి వాగులు, సమామిష్ సరస్సు వైపు నిటారుగా దిగే వాలులు. అలాంటి వాలు పైన నీళ్ళు ఇంకించడమే ప్రమాదం, మట్టి జారుతుంది. గొట్టంలో పట్టి కిందికి దించమంటారు. మీ స్థలం అలాంటి హద్దుల్లో ఉందేమో నగరం మ్యాపుల్లో చూసుకోండి. ఉంటే పైన చెప్పిన 2,000 లెక్క దాకా కూడా పోనక్కర్లేకుండానే రివ్యూ రావచ్చు.

ఇక మీవారి ఉపాయం. మనలో చాలామందికి తట్టేదే, ఆయన్ని తప్పుపట్టను. కానీ పని ముక్కలు చేస్తే లెక్క ముక్కలవదు. ఒకే ప్లాన్‌ని దశలుగా చేస్తే ఒకే ప్రాజెక్టుగా చూస్తారు. పైగా కింగ్ కౌంటీ మాన్యువల్‌లో కొన్ని హద్దులకు 2001 జనవరి 8 తర్వాత ఆ స్థలంలో చేరిన గట్టినేలంతా కలిపే లెక్కిస్తారు. అంటే మీకు ఇల్లు అమ్మినవాళ్ళు ఎప్పుడో పోయించిన షెడ్డు పునాది కూడా మీ ఖాతాలోకి రావచ్చు. పాత ఫోటోలు ఆకాశం నుంచి తీసినవి నగరం దగ్గర ఉంటాయి, ఏ ఏడు ఏముందో తెలిసిపోతుంది. అసలు పర్మిట్ లేకుండా డ్రైవ్‌వే పోయించేస్తే ఏమవుతుందంటే, ఏమీ కాకపోవచ్చు. ఎవరూ చెప్పకపోతే. కానీ దిగువన ఆల్రెడీ నీళ్ళతో విసిగిపోయిన మనిషి ఉన్నాడు. ఆయన ఒక్క ఫోన్ చేస్తే ఇన్‌స్పెక్టర్ వస్తాడు. వచ్చే ఏడు కాటేజీ పర్మిట్‌కి వెళ్ళినప్పుడు కొత్త కాంక్రీటు వాళ్ళకే కనబడుతుంది. ఇల్లు అమ్మేటప్పుడు వాషింగ్టన్‌లో అమ్మకందారు నింపాల్సిన ఫారం 17 ఉంది. చేసిన మార్పులకు పర్మిట్లు తీసుకున్నారా, స్థలంలో నీరు నిలిచే సమస్యలున్నాయా అని అందులో సూటిగా అడుగుతారు. అక్కడ అబద్ధం రాస్తే అది వేరే కేసు.

ఇంకో భ్రమ కూడా ముందే తీసేస్తాను, వారాంతం పార్టీలో ఎవరో ఒకరు మీకు ఇది చెప్పే తీరతారు. కాంక్రీటు బదులు కంకర పోసేస్తే లెక్కలోకి రాదని. వస్తుంది. కార్లు తొక్కిన కంకర రాయిలా బిగుస్తుంది, దాన్ని గట్టినేలగానే చూస్తారు. నీళ్ళు దిగే పేవర్లు మంచివే, కానీ 2,000 దాటారా లేదా అన్న లెక్కలో అవీ కలుస్తాయి. దాటిన తర్వాత పరిష్కారంగా పనికొస్తాయి, దాటకుండా ఉండటానికి కాదు. ఉన్న డ్రైవ్‌వేని మట్టిదాకా తవ్వి మళ్ళీ పోస్తే అదీ లెక్కే. కప్పు కింద ఒక నీలం డ్రమ్ము పెట్టేస్తే చాలుననే మాటా వినిపిస్తుంది. 1,200 చదరపు అడుగుల కప్పు మీద ఒక్క అంగుళం వాన పడితే దాదాపు 750 గ్యాలన్లు. డ్రమ్ము పట్టేది 55. అంగుళంలో పదో వంతు కూడా పడకముందే నిండి పొర్లుతుంది. ఇక్కడ ఏడాదికి పడేది విజయవాడలో పడేదానికి అటూ ఇటూ అంతే, కానీ అక్కడిలా దంచి కొట్టి పోదు. అక్టోబరులో పట్టిన ముసురు ఏప్రిల్ దాకా వదలదు. నిండిన డ్రమ్ము ఎండే రోజు రాదు.

మరి మీ ముందు ఏమున్నాయి?

ఒకటి, ప్లాన్ తగ్గించడం. ప్యాటియో తీసేస్తే 1,950. గీత కింద ఉన్నట్టే, కానీ యాభై అడుగుల తేడా మరీ సన్నం. కాటేజీ గుమ్మం ముందు మెట్టు, అక్కడికి నడకదారి కలిపారంటే మళ్ళీ దాటతారు. డ్రైవ్‌వేని కాటేజీదాకా లాగకుండా సగంలో ఆపితే నిజంగా ఊపిరాడుతుంది. మామయ్యగారు కారు దిగి ఎంత దూరం నడవగలరో అది మీకే తెలుసు. ఇలా చేస్తే ఖర్చు, టైమ్ కలిసొస్తాయి. మట్టి కొట్టుకుపోకుండా చూసే షరతులు ఎలాగూ ఉంటాయి. కానీ 1,950 అడుగుల మీద పడిన వాన కూడా దిగువకే పోతుంది. నగరం అడగలేదు కాబట్టి పెద్దాయన కూడా అడగరని కాదు.

రెండోది, ప్లాన్ మొత్తం ఉంచి రివ్యూకి వెళ్ళడం. ఇంజనీరు ముందుగా చూసేది నీటిని మీ స్థలంలోనే పరచగలమా అని. కప్పు నీళ్ళని గొట్టం చివర రాతి పలక మీద వదిలి గడ్డిలోకి పారించే పద్ధతి ఉంది, చవకైనది. కానీ ఒక్కో గొట్టానికి కప్పు 700 చదరపు అడుగులు మించకూడదు, నీళ్ళు పారే దారిలో 50 అడుగుల పచ్చిక ఉండాలి. మీ కాటేజీ నుంచి వెనక కంచెకు 20 అడుగులే అన్నారు. కాబట్టి అది కుదరదు. కందకం తవ్వి పరిచే పద్ధతికి 25 అడుగులు కావాలి, అదీ చాలదు. కాటేజీని కాస్త ముందుకి జరిపితే ఈ రెండోది దక్కవచ్చు, డిజైనర్ని అడగండి. లేదంటే చిల్లుల గొట్టం ద్వారా వీధి కాలువకి కలపడమో, అడుగున గొట్టం పెట్టిన రెయిన్ గార్డెనో (వాననీరు పట్టే పల్లపు మొక్కల మడి) తేలవచ్చు. ఇందులో డబ్బు, నెలలు రెండూ పోతాయి. కట్టిన ఏర్పాటుని శుభ్రంగా ఉంచుతామని ఆస్తి పత్రాలకి ఒక ఒప్పందం జతచేసి రిజిస్టర్ చేయమంటారు, అది ఇల్లు మారినా ఇంటితోనే ఉంటుంది. ప్రతి శరదృతువులో ఫర్ చెట్ల సూదులు తీయడం మీ పని. బదులుగా దక్కేది, దిగువ ఇంటి గురించి లెక్కగట్టి ఒక ఇంజనీరు సంతకం పెట్టిన కాగితం.

మూడోది మీ ఉత్తరంలో లేదు, అందుకే చెబుతున్నాను. మీది రెండు కార్ల గ్యారేజీ అన్నారు. దాన్నే అత్తమామలకు గదీ స్నానాలగదీగా మార్చితే కొత్త కప్పు లేదు, కొత్త కాంక్రీటు లేదు, ఒక్క చుక్క నీరు కూడా కొత్తగా పారదు. బిల్డింగ్ పర్మిట్ కావాలి, డ్రైనేజీ గొడవ దాదాపు ఉండదు. కార్లు వానలో తడుస్తాయి. సామానంతా ఎక్కడ పెట్టాలన్నది నిజమైన సమస్యే, మనవాళ్ళ గ్యారేజీల సంగతి నాకు తెలుసు. అత్తయ్యగారికి విడిగా వంటిల్లు కావాలని పట్టు ఉంటే ఇది నచ్చకపోవచ్చు. ఆమెను ఎవరైనా అడిగారా? ఉత్తరంలో అందరి అభిప్రాయాలూ ఉన్నాయి, ఆవిడది తప్ప.

ఇక పెద్దాయన. ఆయన చెప్పిన నీళ్ళు మీ కాటేజీవి కావు, కాటేజీ ఇంకా లేదు. అంటే ఇప్పుడున్న ఇంటి నీళ్ళు కావచ్చు, ఎగువన ఇంకెవరివో కావచ్చు, లేదా వాళ్ళ పునాది గొట్టమే పూడిపోయి ఉండవచ్చు. అంచనాలు వద్దు. మంచి ముసురు పట్టిన రోజు రెయిన్‌కోటు వేసుకుని మీవారిని వెంటబెట్టుకుని ఇంటి చుట్టూ తిరగండి. కప్పు నుంచి దిగే ప్రతి గొట్టం ఎక్కడ తేలుతోందో చూడండి. నేలలోకి దిగిపోయి కనబడకుండా పోయిన గొట్టమే అనుమానించాల్సింది. ఎండ రోజున దానిలో హోస్ పెట్టి నీళ్ళు వదలండి. వీధి వైపు రాకుండా గొట్టం మొదట్లోనే పైకి పొంగితే, లోపల ఆకులు, వేర్లు పట్టేశాయి. ఆ నీళ్ళన్నీ గట్టి పొర మీదుగా వెనక్కే జారుతున్నాయి. అది బాగుచేయించడం కాటేజీ కన్నా చాలా చవక, కాటేజీ కట్టినా కట్టకపోయినా చేయాల్సిందే.

చట్టం సంగతి కూడా క్లుప్తంగా. వాషింగ్టన్ కోర్టులు వాననీటిని అందరికీ ఉమ్మడి శత్రువుగా చూస్తాయి. ఎవరి స్థలం నుంచి వారు దాన్ని తప్పించుకోవచ్చు. కానీ నీటిని పోగుచేసి గొట్టంలో పట్టి పక్కవాడి మీదికి వదలకూడదు, సహజమైన వాగుని అడ్డుకోకూడదు, అనవసరమైన నష్టం జరగకుండా తగిన జాగ్రత్త పడాలి. ఈ మూడో మాటని 1999లో రాష్ట్ర సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. నగరం పర్మిట్ ఇచ్చిందన్నది పెద్దాయన కేసు వేయకుండా ఆపదు. ఆ దాకా వెళ్తుందనిపిస్తే లాయర్నే అడగండి, నన్ను కాదు. మీరు రాసిన దాన్ని బట్టి ఆయన బెదిరించలేదు, భయపడ్డారంతే. ప్లాన్ కాగితం పట్టుకెళ్ళి చూపించి, వాళ్ళ క్రాల్ స్పేస్‌లో నీళ్ళు ఏ మూల నుంచి వస్తున్నాయో మీవారితో కలిసి చూడండి. మీవారు ఒక్కసారి ఆ తడి చూస్తే "వానకి కూడా పర్మిషనా" అనడం కాస్త తగ్గవచ్చు కూడా.

బావగారితో వాదన పెట్టుకోవద్దు. ఆయన పర్మిట్ ప్లాన్ పంపమని మీవారిచేతే అడిగించండి. ఆయన 1,450, మీ 2,300 పక్కపక్కన పెడితే అన్నదమ్ములిద్దరూ వాళ్ళలో వాళ్ళే తేల్చుకుంటారు, మధ్యలో మీరు చెడ్డవారు కానక్కర్లేదు. నగరం పర్మిట్ డెస్కుకి వెళ్ళేటప్పుడు కూడా "రెడ్‌మండ్‌లో అలా లేదు కదా" అని మొదలుపెట్టకండి, ఆ మాట వాళ్ళు రోజూ వింటారు. మీ స్థలానికి గతంలో ఎంత గట్టినేల లెక్కలో ఉంది, ఏ ప్రత్యేక మండలంలో ఉంది, ప్యాటియో తీసేస్తే ఏ రకం రివ్యూ వస్తుంది, ఈ మూడూ అడిగి జవాబు ఈమెయిల్లో తెచ్చుకోండి.

కాటేజీ అయితే వేసవికల్లా తాళాలు చేతికి రావు, ఆ ఆశ పెట్టుకోవద్దు. కౌంటీ మాన్యువల్ అక్టోబరు 1 నుంచి ఏప్రిల్ 30 దాకా వానకాలంగా లెక్కిస్తుంది. ఆ నెలల్లో మట్టి పనికి షరతులు బిగుస్తాయి, కాంట్రాక్టర్లూ మొహం చాటేస్తారు. కాబట్టి మూడింట్లో ఏది ఎంచుకున్నా, ముందు కింది హాఫ్ బాత్‌లో షవర్ పెట్టించండి. దానికి ఏ పర్మిట్లు కావాలో నగరాన్ని అడగండి. భోజనాల గదికి తలుపు బిగించి మంచం వేస్తే మామయ్యగారు వచ్చిన రోజు నుంచే మెట్ల బాధ ఉండదు. ఆ తర్వాత కాటేజీ ఈ ఏడా, వచ్చే ఏడా అన్నది మీరు తీరిగ్గా, అత్తయ్యగారిని కూడా కూర్చోబెట్టుకుని, తేల్చుకోవచ్చు.